పోతురాజు కూర్చున్న వైపు

నేను ఒక బల్లని. బల్ల అనగానే నాలుగు కాళ్ళేసుకుని నిలబడి, భోజనాలు వడ్డించుకునేది అనుకునేరు. నాకు కాళ్ళు లేవు. మందంగా, చదరంగా, గుమ్మం తలుపులో సగం ఉంటానేమో. కరెంటు పని నేర్చుకునేవాళ్ళు నా మీద స్విచ్చిలు బిగించి, వైర్లు లాగి, బల్బు వెలిగించి, అది వెలిగిన మరుక్షణం అన్నీ ఊడపీకి పక్కవాడి చేతిలో పెడతారు. వాడూ అదే చేస్తాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నా బతుకు బిగించుకోవడం, ఊడపీకించుకోవడం. నా ఒంటి మీద చిల్లి లేని చోటు జానెడు చూపించారంటే మీకు దణ్ణం పెడతాను. చేతులు లేవు కదా అంటారా, మాటవరసకి అన్నాను లెండి.

మాది తుని పక్క. కాపు మానేసిన మామిడిచెట్టుని కొట్టేస్తే వచ్చిన చెక్కని నేను. ఏళ్ళ తరబడి కాయలు తిన్న చెట్టుకి మనుషులు చేసే సన్మానం అది. నన్ను కోసిన వడ్రంగి మంచివాడే గానీ, ‘బడికి పోయే సరుకేగా, వెనకపక్క ఎవడు చూస్తాడు’ అని ఒకవైపే చిత్రిక పట్టాడు. ఇప్పటికీ నా వీపు గరుకే. ఎవరైనా నిర్లక్ష్యంగా ఎత్తుకుంటే వేలికి పేడు గుచ్చుతాను. అది నా కోపం అనుకోండి, వడ్రంగి బద్ధకం అనుకోండి, మీ ఇష్టం.

అలా ఐటీఐకి చేరాను. అక్కడ కుర్రాళ్ళు నన్ను పెట్టిన బాధలు చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి. ఫ్యూజులు ఎగరగొట్టారు, వెనకపక్క ప్రేమించిన పిల్లల పేర్లు చెక్కారు, పరీక్ష పోతే నా మీద గుద్దారు. వాళ్ళని అదుపులో పెట్టిన మనిషి ఒక్కతే, విక్టోరియా మేడమ్ గారు. కొల్లాబత్తుల విక్టోరియా. కరెంటు పని నేర్పే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఉండేవారు కాదు. చీర కొంగు నడుముకి చుట్టి టెస్టరు పట్టుకుందంటే ఎంత పోకిరీ అయినా నోరు మూసుకునేవాడు.

తర్వాత తళతళలాడే కొత్త రేకు బల్లలు వచ్చాయి. నన్ను వెనకగదిలో విరిగిన కుర్చీల మీద పడేశారు. బల్లులతో, బూజుతో అక్కడే నా కథ ముగిసిపోయేదే. ఇంతలో మేడమ్ గారి రిటైర్మెంటు వచ్చింది. శాలువా కప్పి, ఇంకేం కావాలో అడగమంటే, ఆవిడ నన్ను ఇమ్మని అడిగింది. అందరూ నవ్వారు. పాత చెక్కని ఏం చేసుకుంటారని ప్రిన్సిపాలు జాలిపడ్డాడు. ఆవిడ పట్టించుకోకుండా నన్ను ఆటో ఎక్కించింది. నా జన్మలో నన్ను కావాలని అడిగి తీసుకెళ్ళిన మొదటి మనిషి ఆవిడే, అందుకే ఆవిడ మీద ఈగ వాలినా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆవిడ నన్ను తీసుకెళ్ళింది తాగుడు మానిపించే కేంద్రానికి. దానికి ఇల్లు అద్దెకి ఇవ్వడానికి ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదట. చివరికి ఒకాయన ఒప్పుకున్నాడు గానీ, ఆ ఇంటికి సరిగ్గా రోడ్డుకి అవతలి పక్కన బ్రాందీ షాపు ఉంది. కిటికీ తీస్తే దాని బోర్డు ఎదురుగా కనపడుతుంది. మానడానికి వచ్చినవాళ్ళ మొహం మీదే దుకాణం. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఉంటాయి.

అక్కడ డాక్టరు మాత్రలు ఇచ్చేవాడు, పొద్దున్నే ఒకాయన కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అయితే మేడమ్ గారిది ఒకటే పట్టు. మానేశాక పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఈ మనిషి ఏం చెయ్యాలి, ఎవరి ముందు నిలబడాలి, అది చెప్పకుండా ఇంటికి పంపిస్తే లాభం లేదంది. మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళ బడి మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళలో సగం మందికి అక్షరం ముక్క రాదు. ఆవిడ సుద్దముక్కతో నా మీదే రాసేది. స్విచ్చి ఉన్న చోట ‘స్విచ్చి’ అని, లైటు ఉన్న చోట ‘లైటు’ అని. ఆ వస్తువుని బిగిస్తూ ఆ మాట చదవాలి, ఊడదీసి ఆ మాట రాయాలి. అఆలు పెట్టించకుండా చదువేంటని గొణిగినవాళ్ళు కూడా, తమకి తెలియకుండానే ‘లైటు’లో ‘ల’ని బయటి గోడల మీద పోల్చుకోవడం మొదలుపెట్టారు.

ఇంకో సంగతి. ఐటీఐ కుర్రాళ్ళని ‘ఒరే’ అని తప్ప పిలవని మనిషి, ఇక్కడ ప్రతివాణ్ణీ ‘గారు’ అనేది. మొదటిరోజు ‘పోతురాజు గారూ’ అనగానే ఆ పేరుగల మనిషి వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో పిలుస్తున్నారనుకుని.

నేను చెప్పబోయేది ఆ పోతురాజు గురించే. నలభై దాటిన మనిషి. టెంటు హౌసులో లైట్లు కట్టేవాడు. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు, ఎవడో కలిపింది చూసి తనూ కలిపేవాడు, అంతే. పెళ్ళి ఏ ఇంట్లో అయినా ఇతనికి మందు పోసేవాడు ఒకడు ఉండేవాడు. పోగా పోగా మందు కోసమే పెళ్ళిళ్ళకి వెళ్ళే పరిస్థితి వచ్చింది. ఒకసారి సొంత వీధిలోనే, సరిగ్గా తాళి కట్టే వేళకి, తప్పతాగి ఏ వైరు దేనికి కలిపాడో, పందిరంతా చీకటైపోయింది. పీటల మీద పెళ్ళికూతురు ఏడ్చింది. ఆ వీధిలో అతన్ని గుమ్మం లోపలికి రానిచ్చిన ఇల్లు ఆ తర్వాత లేదు. పలకరిస్తే గేటు బయటే పలకరిస్తారు, మంచినీళ్ళు అడిగితే గేటు మీద నుంచే అందిస్తారు.

అతని భార్య మంగతల్లి ఓర్చినంత ఓర్చి నక్కపల్లిలో అన్నగారింటికి వెళ్ళిపోయింది. కేంద్రానికి ఒకేఒక్కసారి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. నన్ను ఆనించిన గోడ పక్కనే నిలబడి ఒకే మాట చెప్పింది.

“నువ్వు మానేశానంటే నేను నమ్మను, చాలాసార్లు విన్నాను. మన వీధిలో ఒక్క ఇంటివాళ్ళు నిన్ను లోపలికి పిలిచిన రోజున కబురు చెయ్యి, వస్తాను.”

అంతే. వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయింది. అతను ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మాత్రం అందరికంటే ముందు వచ్చి నా ముందు కూర్చున్నాడు.

అప్పటికి అతని చేతులు ఎలా ఉండేవనుకున్నారు. స్క్రూ డ్రైవరు పట్టుకుంటే దాని మొన స్క్రూ చుట్టూ ప్రదక్షిణాలు చేసేది తప్ప గాడిలో పడేది కాదు. నన్ను ఎన్నిచోట్ల పొడిచాడో. నాకు మొదట్లో చిరాకేసేది. తర్వాత తర్వాత చూస్తే, జారిన ప్రతిసారీ అతను నా మీద అరచేత్తో ఇలా రాసేవాడు, దెబ్బ తగిలిందా అన్నట్టు. ఐటీఐలో అన్నేళ్ళున్నాను, ఒక్కడూ అలా రాయలేదు. అందుకే ఆ పోట్లన్నీ ఊరికే వదిలేశాను.

మెల్లగా వణుకు తగ్గింది. మొన గాడిలో పడింది. వేలిముద్ర వేసే మనిషి సంతకం నేర్చుకున్నాడు, వైరు డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. నా మీద ‘ఫ్యాను’ అని సొంతంగా రాసి, ఒత్తు సరిగ్గా పడిందో లేదోనని మేడమ్ గారి మొహంలోకి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నేర్చుకోవడం అయిపోయిందనీ, ఇంటికి వెళ్ళొచ్చనీ చెప్పారు. వెళ్ళాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు, మొహం వేలాడేసుకుని. ఎవరూ పిలవడం లేదట. ఫ్యాను పాడైతే ఉక్కపోతకి చచ్చినా సరే అనుకుంటున్నారు గానీ, ఇతన్ని మాత్రం లోపలికి రానివ్వడం లేదట.

మేడమ్ గారు, “వాళ్ళు లోపలికి పిలవకపోతే మీరు బయటే పని చెయ్యండి. చూడనివ్వండి,” అని నన్ను అతని నెత్తిన పెట్టించింది. అలా నేను పోతురాజు ఇంటి అరుగు మీదికి వచ్చాను.

ఆ సాయంత్రం నన్ను గుమ్మం పక్క గోడకి మేకులు కొట్టి తగిలించాడు. ఇంట్లోంచి వైరు లాగి, చొక్కా చేతులు మడిచి పని మొదలుపెట్టాడు. ఊరికే దొరికే వినోదాన్ని మా వీధి ఏనాడూ వదులుకోదు. చూస్తుండగానే జనం పోగయ్యారు. కిళ్ళీకొట్టు తాతబ్బాయి కొట్టు వదిలేసి మరీ వచ్చాడు. ఎదురింట్లో ఇడ్లీలమ్ముకునే రత్తమ్మ పప్పు రుబ్బుకుంటూనే ఇటు ఓ కన్నేసింది. పోతురాజు తన పని తను చేసుకుపోయాడు. చెయ్యి వణకలేదు. స్విచ్చిలు వరసగా, తీగ ఎక్కడా బయటికి రాకుండా, చక్కగా కూర్చోబెట్టాడు. నేను ఇంత అందంగా ఎప్పుడూ లేను. నాకే గర్వం వచ్చింది.

స్విచ్చిలన్నీ పైకి ఉన్నాయి, అంటే ఆపేసి ఉన్నట్టే. “ఇప్పుడొక్కొక్కటే వెలిగిస్తాను, చూడండి,” అని ప్లగ్గు పెట్టాడు. పెట్టగానే బల్బులన్నీ ఒక్కసారే భగ్గున వెలిగాయి. అతను కంగారుపడి ఒక స్విచ్చి కిందికి నొక్కాడు. ఆ లైటు ఆరిపోయింది. ఇంకోటి నొక్కాడు. అదీ ఆరిపోయింది.

వీధంతా పగలబడి నవ్వింది. ఇదెక్కడి వైరింగురా, పైకి నొక్కితే వెలుగుతాయి, కిందికి నొక్కితే ఆరుతాయి అని ఒకళ్ళ భుజం ఒకళ్ళు చరుచుకున్నారు. ఇంతలో తాతబ్బాయి దగ్గరకొచ్చి ముక్కు ఎగబీల్చి, పొద్దుగూకకుండానే పడిందా అని అడిగాడు. దాంతో నవ్వులు ఆగిపోయాయి. చీకటైన పెళ్ళిపందిరి అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది. పోతురాజు ప్లగ్గు పీకేశాడు. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి నిజంగానే తెలియదు. తెలియని మనిషి ఏం చెప్పుకుంటాడు.

ఊళ్ళో మంచికబురు నడిచివెళ్తే చెడ్డకబురు ఫోనులో వెళ్తుంది. పోతురాజు మళ్ళీ మొదలెట్టాడని నక్కపల్లికి ఎవరు చెప్పారో గానీ, జనం విడిపోయిన కాసేపటికే బావమరిది ఫోను చేశాడు. మంగతల్లి ఇక ఎదురుచూడొద్దని చెప్పమందట. పోతురాజు ఫోను అరుగు మీద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. వీధి చివర ఎడమవైపు తిరిగాడు. అటు వెళ్తే రోడ్డుకి ఒక పక్క మా కేంద్రం, ఇంకో పక్క బ్రాందీ షాపు. అతను ఏ పక్కకి వెళ్ళాడో గోడకి వేలాడుతున్న నాకు కనపడే దారి లేదు. నన్ను లోపల పెట్టేవాళ్ళు లేక మంచులో తడుస్తూ, నేను ఎప్పుడూ లేనిది దేవుడికి మొక్కుకున్నాను.

పొద్దున ఆటో శబ్దం వినపడింది. అందులోంచి విక్టోరియా మేడమ్ గారు దిగింది, వెనకాలే పోతురాజు. కళ్ళు వాచి ఉన్నాయి గానీ మనిషి నిటారుగా నడుస్తున్నాడు. రాత్రంతా కేంద్రం వరండాలో కూర్చున్నాడట. ఆ మాట విన్నాక నా ప్రాణం కుదుటపడింది.

మేడమ్ గారు నన్ను అటూ ఇటూ చూసింది. స్విచ్చిల మీద ఉండే ఎర్రచుక్క కిందికి ఉండాలి, ఇక్కడ అన్నిటికీ పైకి ఉంది. ఏం జరిగిందని అడగలేదు. నన్ను దింపి అరుగు మీద పడుకోబెట్టమంది, కేంద్రంలో బల్ల మీద పెట్టినట్టే. ఒక స్విచ్చి ఊడదీసి, మళ్ళీ బిగించండి అంది. పోతురాజు అలవాటుగా చుట్టూ తిరిగి నాకు అవతలి పక్కన, ఆవిడకి ఎదురుగా కూర్చుని బిగించాడు. చుక్క సరిగ్గా ఆవిడ వైపుకే వచ్చింది.

ఆవిడ నెత్తి కొట్టుకుంది. బడిలో మిగతావాళ్ళంతా ఆవిడ పక్కన చేరి, ఆవిడ వైపు నుంచే చూసి నేర్చుకున్నారు. ఇతనొక్కడే రోజూ ఎదురుగా కూర్చున్నాడు, అక్షరాలు మాత్రం మెడ వంచి చూసుకునేవాడు. ఆవిడకి దగ్గరగా ఉన్న చుక్క ఇతనికి దూరంగా ఉండేది. చుక్క ఆ చివరకి పెట్టాలని అతని చేతులు నేర్చుకున్నాయి. నేను పడుకుని ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తేడా తెలియలేదు, నొక్కి చూసేది కూడా ఆవిడే కాబట్టి. గోడ ఎక్కాక దూరంగా ఉన్న చివర కాస్తా పైన అయిపోయింది.

“రోజూ అటువైపే ఎందుకు కూర్చున్నారండీ? నా పక్కన అంత చోటుంది కదా,” అని అడిగింది ఆవిడ.

పోతురాజు స్క్రూ డ్రైవరు కింద పెట్టాడు. వీధిలో మళ్ళీ నలుగురూ చేరారు. రత్తమ్మ రోలు దగ్గర చెయ్యి ఆపి వింటోంది.

“మీ పక్కన కూర్చుంటే కిటికీలోంచి షాపు కనపడేదండి,” అన్నాడు. “అది కనపడితే నాకు మీ మాట చెవికెక్కేది కాదు. అందుకని దానికి వీపు పెట్టుకుని కూర్చున్నాను. అట్నుంచి అయితేనే నాకు చదువొచ్చింది.”

ఎవరూ నవ్వలేదు. తాతబ్బాయి, కొట్లో ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయాడు. నాకు నోరుంటే ఆ వీధికి నాలుగు పెట్టి ఉండేదాన్ని. అవసరం లేకపోయింది. రత్తమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ తన గేటు దాకా వచ్చింది. ఆవిడ భర్త తాగి తాగి కాలేయం పాడై చనిపోయాడని వీధిలో అందరికీ తెలుసు. ఆవిడ ఆ సంగతి ఎత్తగా ఎవరూ వినలేదు.

“మా ఆయన ఒక్క పూట కూడా అటు వీపు పెట్టలేకపోయాడురా,” అంది. తర్వాత మామూలుగా, రోజూ ఇడ్లీలు కట్టిచ్చే గొంతుతో అంది, “వంటింట్లో లైటు వెలగడం లేదు. చీకట్లో చేతులు కాల్చుకుంటున్నాను. లోపలికి రా పోతురాజూ.”

అతను కదల్లేదు. గేటు దగ్గర నిలబడి మాట్లాడే అలవాటులో పడిపోయాడు పాపం, లోపలికి అంటే ఎక్కడిదాకానో తెలియలేదు. రత్తమ్మ గేటు తీసి పట్టుకుని నిలబడింది. మేడమ్ గారు అతని చేతిలో టెస్టరు పెట్టింది. అప్పుడు వెళ్ళాడు. చెప్పులు విప్పి, గడప దాటి, వంటింట్లోకి వెళ్ళాడు. తెరిచిన తలుపులోంచి నాకు కనపడింది, ఆ లోపలి చీకట్లో కాసేపటికి పచ్చగా వెలుగొచ్చింది. చుక్క ఎటుందో చూసి మరీ పెట్టాడని తర్వాత రత్తమ్మే చెప్పింది. టీ తాగించిగానీ పంపలేదు, అదీ లోపల పీట మీద కూర్చోబెట్టి.

కబురు పోతురాజు చెయ్యలేదు. భయం. తన నోటితో చెప్తే నమ్మదని. రత్తమ్మే నక్కపల్లికి ఫోను చేసింది.

మంగతల్లి ఆదివారం పొద్దున దిగింది, ఒక చేతిసంచితో. తన ఇంటికి రాలేదు ముందు. తిన్నగా రత్తమ్మ ఇంటికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. ఇక్కడ పోతురాజు, అప్పటికే చుక్కలన్నీ సరిచేసి మళ్ళీ గోడకి తగిలించిన నా ముందు అరుగు మీద కూర్చుని, బిగించిన స్క్రూనే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాడు. ఇంకొంచెం తిప్పితే నేను చీలిపోయేదాన్నే. అయినా కిక్కురుమనలేదు. అతనికి ఆ పూట పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

ఆవిడ వచ్చింది. అతన్ని చూడలేదు, నన్ను చూసింది. నా చిల్లులు చూసింది, సుద్దతో రాసిన వంకరటింకర అక్షరాలు చూసింది. చదువు రాని మనిషి, అయినా ఆ రాత ఎవరిదో పోల్చుకున్నట్టే అనిపించింది. స్విచ్చి ఒకటి కిందికి నొక్కింది. లైటు వెలిగింది. పైకి నొక్కింది. ఆరింది. రెండుసార్లు అలా చేసి, అప్పుడు మాట్లాడింది.

“దీన్ని లోపల పెట్టు. ఇక వీధిలో వాళ్ళకి చూపించక్కర్లేదు.”

పోతురాజు లేచాడు గానీ చేతులు ఆడలేదు. చాలాకాలానికి అవి మళ్ళీ వణికాయి, ఈసారి మందు లేక కాదు. నన్ను నెత్తిన మోసుకొచ్చిన మనిషే, ఇప్పుడు ఒక్కడివల్ల కాలేదు. మంగతల్లి సంచి కింద పెట్టి రెండో చివర పట్టుకుంది. అతను వెనక్కి నడుస్తున్నాడు, ఆవిడ ముందుకి.

బళ్ళో ఉన్నాను, కొట్టుగదిలో ఉన్నాను, అరుగు మీద ఎండకీ మంచుకీ వేలాడాను. ఎవరి ఇంట్లోకీ ఎప్పుడూ వెళ్ళి ఎరగను. గడప దగ్గర నా గరుకు వీపుకీ గుమ్మానికీ మధ్య అతని వేళ్ళు ఇరుక్కోబోయాయి. వచ్చిన దగ్గర్నుంచీ అతని మొహం చూడని ఆవిడ, గొంతు తగ్గించి, “చెయ్యి జాగ్రత్త, నలుగుద్ది,” అంది.